పెరట్లో బీఎంఎక్స్ హాఫ్‌పైప్ కట్టుకోవడం: కొలతల నుంచి మొదటి డ్రాప్ ఇన్ దాకా

పెరట్లో హాఫ్‌పైప్, అంటే విన్యాసాలు చేసే చిన్న బీఎంఎక్స్ సైకిళ్లు తొక్కడానికి ఎదురెదురుగా రెండు వంపులున్న ర్యాంప్, కడదామనుకునేవాళ్లు అందరికంటే ముందు ఎత్తు గురించి అడుగుతారు. ఆరడుగులు చాలా, ఎనిమిది పెడితే బాగుంటుందా అని. నేను చెప్పేది ఎప్పుడూ ఒకటే: ఎత్తు తగ్గించండి, వెడల్పు పెంచండి, వంపు ఒక్కటి మాత్రం తప్పు లేకుండా కొయ్యండి. పిల్లలు రోజూ సాయంత్రం ఎక్కి తొక్కేది నాలుగడుగుల ర్యాంప్‌నే. ఎనిమిది అడుగులది కడితే మొదటి వారం ఫొటోలు దిగుతారు, ఆ తర్వాత భయపడి దాని జోలికి వెళ్లరు, చివరికి దాని కింద లాన్ మూవర్ పెట్టుకోవాల్సి వస్తుంది.

ఇది అమెరికాలో, ముఖ్యంగా మేముండే డాలస్ చుట్టుపక్కల లాంటి చోట్ల, ఇంటి వెనక కాస్త జాగా ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను. కలప కొలతలన్నీ ఇక్కడి దుకాణాల్లో దొరికేవే. ఊళ్లో పొలం దగ్గరో, ఖాళీ ప్లాట్‌లోనో కట్టాలనుకునేవాళ్ల కోసం చివర్లో విడిగా రాశాను.

ఏం కడుతున్నాం

టీవీలో కనిపించే పెద్ద హాఫ్‌పైప్ పైభాగం నిట్టనిలువుగా ఉంటుంది. దాన్ని వర్ట్ ర్యాంప్ అంటారు, పదడుగులు దాటి ఉంటుంది, ఇంటి పెరటికి అది పనికిరాదు. మనం కట్టేది నిలువు దాకా పోకుండా ముందే ఆగిపోయే చిన్న హాఫ్‌పైప్, మినీ ర్యాంప్ అని పిలిచేది. రెండు వైపులా వంపు, అంటే ట్రాన్సిషన్. మధ్యలో చదును, అంటే ఫ్లాట్. పైన నిలబడే అరుగు డెక్. వంపు, డెక్ కలిసే అంచున ఉండే ఇనుప గొట్టం కోపింగ్.

సొంత స్థలంలో ర్యాంప్ కట్టుకోవడం బీఎంఎక్స్‌లో కొత్తేమీ కాదు. 1990లలో మ్యాట్ హాఫ్‌మన్ అనే బీఎంఎక్స్ రైడర్ ఓక్లహోమాలో 20 అడుగులు దాటిన క్వార్టర్‌పైప్, అంటే ఒకవైపే వంపున్న ర్యాంప్, కట్టుకుని, మోటార్‌ సైకిల్‌తో లాగించుకుని దాని మీదికి ఎగిరాడు. ఆ ప్రయోగాల్లో ప్లీహం పగిలి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు కూడా. టోక్యో ఒలింపిక్స్‌లో బీఎంఎక్స్ ఫ్రీస్టైల్‌ను మొదటిసారి పెట్టినప్పుడు, 2021లో, మగవాళ్ల స్వర్ణం గెలిచిన ఆస్ట్రేలియా రైడర్ లోగన్ మార్టిన్ గోల్డ్‌కోస్ట్‌లోని తన ఇంటి వెనకే ర్యాంపులు కట్టుకుని సాధన చేశాడు. మనకు అంత పెద్దది అక్కర్లేదు. కానీ ఇంటి వెనక ర్యాంప్ ఉన్నవాడు రోజూ తొక్కుతాడు, పార్కుకి కారులో తీసుకెళ్లాల్సినవాడు శనివారం తొక్కుతాడు. ఆ తేడా ఏడాది తిరిగేసరికి చాలా పెద్దదవుతుంది.

కొలతలు, వాటి వెనక లెక్క

నేను సిఫారసు చేసేవి ఇవి: నేల నుంచి డెక్ చట్రం దాకా 4 అడుగులు, వంపు వ్యాసార్ధం 8 అడుగులు, ఫ్లాట్ 12 అడుగులు, వెడల్పు 16 అడుగులు, రెండు వైపులా 4 అడుగుల డెక్. మొత్తం పొడవు దాదాపు 33 అడుగుల 3 అంగుళాలు వస్తుంది. చుట్టూ ఇంకో మూడు నాలుగడుగులు ఖాళీ ఉంచాలి.

స్కేట్‌బోర్డు వాళ్ల ప్లాన్లు ఎక్కడ చూసినా దొరుకుతాయి, వాటిని ఉన్నదున్నట్టు తీసుకోకండి. స్కేట్‌బోర్డు చక్రాల మధ్య దూరం అడుగుకి కాస్త ఎక్కువ, బీఎంఎక్స్ సైకిల్‌కి రెండు ఇరుసుల మధ్య దాదాపు మూడడుగులు. వ్యాసార్ధం ఆరడుగులు పెడితే ముందు చక్రం వంపు ఎక్కేసరికి వెనక చక్రం ఇంకా చదునులోనే ఉంటుంది, హ్యాండిల్ ఛాతీ మీదికి లేస్తుంది. పదడుగులు పెడితే మళ్లీ ఈ ఎత్తుకి అది వంపులా ఉండదు, ఏటవాలు బల్లలా ఉంటుంది, సైకిల్ పైకి తేలదు. ఈ ఎత్తుకి ఎనిమిది సరిపోతుంది. ఫ్లాట్ కూడా అంతే, స్కేట్‌బోర్డుకి ఎనిమిది అడుగులు చాలు కానీ సైకిల్ మీద ఒక వంపు దిగి సర్దుకుని రెండో వంపుకి సిద్ధమవ్వాలంటే పన్నెండు ఉండాలి. వెడల్పు పదహారు అని ఎందుకు పట్టుబడుతున్నానంటే సైకిల్ పైన ఒక్కచోటే తిరగదు, వంపు మీద చుట్టూ తిరిగి దిగుతుంది. ఎనిమిది అడుగుల వెడల్పు ర్యాంప్ మీద కొత్తగా నేర్చుకునే పిల్లాడి కళ్లు వంపు మీద ఉండవు, పక్క అంచు మీద ఉంటాయి. స్థలం తక్కువైతే 12 దాకా తగ్గించొచ్చు, అంతకంటే కిందికి వద్దు.

ఇప్పుడు చాలా ప్లాన్లలో సరిగ్గా చెప్పని సంగతి. మధ్యలో ఉన్న ఫ్లాట్ నేల మీద పరిచిన ప్లైవుడ్ కాదు, దాని కింద 2×6 కర్రల చట్రం ఉంటుంది. 2×6 అని పేరే గానీ దాని అసలు ఎత్తు ఐదున్నర అంగుళాలు. అంటే వంపు మొదలయ్యేది నేల దగ్గర కాదు, నేలకి ఐదున్నర అంగుళాల పైన. ఇది మర్చిపోయి వంపుని సున్నా నుంచి గీస్తే ఫ్లాట్, ట్రాన్సిషన్ కలిసే చోట ఐదున్నర అంగుళాల మెట్టు వస్తుంది. 48 అంగుళాల వెడల్పున్న ప్లైవుడ్ షీటులో 5.5 తీసేస్తే అసలు వంపు ఎత్తు 42.5 అంగుళాలు.

వంపు నేల మీద ఎంత దూరం ఆక్రమిస్తుందో తెలుసుకోవాలంటే వ్యాసార్ధాన్ని రెట్టింపు చేసి ఎత్తుతో గుణించండి, అందులోంచి ఎత్తు వర్గాన్ని తీసేయండి, మిగిలిన దానికి వర్గమూలం కట్టండి. మన లెక్కలో 96 అంగుళాల వ్యాసార్ధం, 42.5 ఎత్తు, కాబట్టి 79.7 అంగుళాలు, అంటే సుమారు 6 అడుగుల 8 అంగుళాలు. వంపు మీదుగా టేపు పెట్టి కొలిస్తే 94 అంగుళాలు వస్తుంది. ఈ 94 అన్నది మనకి కలిసొచ్చే అంకె, ఎందుకంటే నాలుగడుగుల వెడల్పున్న ప్లైవుడ్ షీట్లు రెండు వరుసలు పరిస్తే 96. వృథా దాదాపు ఉండదు. మీరు వేరే ఎత్తు ఎంచుకున్నా ఇదే లెక్క ముందు కాగితం మీద వేసుకోండి, షీట్ల ఖర్చు ఎంతవుతుందో అక్కడే తెలిసిపోతుంది.

పలుగు పట్టేముందు అనుమతులు

హెచ్‌ఓఏ, అంటే ఇళ్ల యజమానుల సంఘం, ఉన్న కమ్యూనిటీ అయితే ముందు వాళ్ల నిబంధనలు చదివి, డ్రాయింగ్‌తో సహా రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. కట్టాక అడిగితే విప్పమంటారు. డ్రాయింగ్‌లో ఫెన్స్ ఎత్తు, డెక్ ఎత్తు పక్కపక్కన చూపిస్తే పని తేలికవుతుంది, బయటికి కనిపించేది ఎంతో వాళ్లకి వెంటనే అర్థమవుతుంది. ఇక్కడ కూడా తక్కువ ఎత్తే మనల్ని కాపాడుతుంది. నాలుగడుగుల డెక్, దాని మీద రెయిలింగ్ కలిపినా ఫెన్స్‌ని కాస్తే దాటుతుంది. సిటీ ఆఫీసులో పర్మిట్ కావాలా, సరిహద్దు నుంచి ఎంత దూరం వదలాలి అనేది ఫోన్ చేసి కనుక్కోండి, ప్రతి ఊరికీ వేరుగా ఉంటుంది. ఇంటి సర్వే కాగితం తీసి వెనక ఈజ్‌మెంట్ ఎక్కడుందో చూడండి, కరెంటు, డ్రైనేజీ లైన్ల కోసం వదిలిన ఆ పట్టీ మీద ఏదీ కట్టకూడదు. తవ్వే పని ఏమాత్రం ఉన్నా 811కి ఫోన్ చేయండి, ఉచితంగా వచ్చి భూమిలో లైన్లు ఎక్కడున్నాయో రంగుతో గుర్తులు పెట్టి వెళ్తారు.

ఇంటి ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా కట్టకండి. పక్కింటి పిల్లాడు పడి చెయ్యి విరిగితే ఆ బాధ్యత పాలసీలో ఉందో లేదో అప్పుడు వెతుక్కోవడం చాలా టెన్షన్. పక్కింటివాళ్లతో కూడా ముందే మాట్లాడి, ఏ వేళల్లో తొక్కుతారో చెప్పండి. బోలుగా ఉన్న ప్లైవుడ్ మీద సైకిల్ దిగితే ఢమ్మని మోగుతుంది, రాత్రి తొమ్మిదికి ఆ శబ్దం ఎవరూ భరించరు.

నేల

ర్యాంప్ పొడవు ఉత్తర దక్షిణాలుగా పెట్టుకోండి. తొక్కేవాళ్లు ఎప్పుడూ ఆ రెండు దిక్కులే చూస్తారు, పొద్దున్న, సాయంత్రం ఎండ కళ్లలో పడదు. కాన్‌క్రీట్ స్లాబ్ ఉంటే అదృష్టం. లేకపోతే గడ్డి తీసేసి, నేల చదును చేసి, కలుపు రాకుండా వేసే గుడ్డ పరిచి, దాని మీద కంకర వేసి దిమ్మిసతో కొట్టండి. ఉత్తర టెక్సస్‌లో ఉన్నది మన నల్లరేగడి లాంటి బంకమట్టి, వానకి ఉబ్బుతుంది, ఎండకి పగుళ్లిస్తుంది, దాని మీద నేరుగా కర్ర పెడితే ఏడాదిలో ర్యాంప్ ఒక మూల కుంగుతుంది. అందుకని కంకర మీద కాన్‌క్రీట్ దిమ్మెలు పెట్టి, వాటి మీద చట్రం నిలపాలి. తర్వాత ఎక్కడైనా కుంగినా జాకీతో లేపి సన్నటి పలక దూర్చి సరిచేసుకోవచ్చు.

నేలకి దగ్గరగా ఉండే కర్రలకి ట్రీటెడ్ కలపే, అంటే కుళ్లకుండా రసాయనాలు పట్టించినదే, వాడాలి, దాని చివర కొట్టిన ట్యాగ్ మీద యూసీ4ఏ అని ఉంటే నేలని తాకినా తట్టుకునే రకం. దుకాణం నుంచి తెచ్చిన ట్రీటెడ్ కలప తరచుగా తడితడిగా ఉంటుంది. మధ్యలో సన్నకర్రలు పెట్టి పేర్చి, రెండు మూడు వారాలు నీడలో ఆరనివ్వండి. తడిమీద బిగిస్తే ఆరాక ఒక్కో కర్ర ఒక్కో రకంగా కుంచించుకుపోయి పైపొర ఎగుడుదిగుడవుతుంది. స్క్రూలు కూడా ట్రీటెడ్ కలపకి పనికొచ్చే పూత ఉన్నవే కొనాలి, మామూలువి ఆ రసాయనాలకి తుప్పు పడతాయి. కోసేటప్పుడు మాస్కు పెట్టుకోండి, తుక్కు మాత్రం తగలబెట్టకండి, ఆ పొగ మంచిది కాదు.

టెంప్లేట్లు: ఈ ఒక్క రోజు తొందరపడకండి

ర్యాంప్ బాగుందా లేదా అన్నది ఇక్కడే తేలిపోతుంది. 16 అడుగుల వెడల్పుని రెండు 8 అడుగుల భాగాలుగా కడతాం. ఒక్కో భాగానికి రెండు పక్కలా ఒక్కో టెంప్లేట్, అంటే వంపు ఆకారంలో కోసిన పక్క పలక, రెండు వైపులా ట్రాన్సిషన్లు, కాబట్టి మొత్తం ఎనిమిది. ముప్పావు అంగుళం మందం ఉన్న ట్రీటెడ్ ప్లైవుడ్ షీట్లు ఎనిమిది కావాలి.

గ్యారేజీ నేల మీద ఒక షీటుని పడుకోబెట్టండి, 8 అడుగుల అంచు కింద వైపు ఉందనుకోండి. ఎడమ కింది మూల వంపు మొదలయ్యే చివర. ఆ మూల నుంచి ఎడమ అంచు వెంబడి నిటారుగా పైకి 101.5 అంగుళాలు కొలిచి గుర్తు పెట్టండి. షీటు ఎత్తు 48 మాత్రమే కాబట్టి ఆ గుర్తు షీటుకి బయట, 53.5 అంగుళాల దూరంలో పడుతుంది. అక్కడ ఒక చెక్కముక్క కదలకుండా బిగించి మేకు కొట్టండి, అదే కేంద్రం. ఎడమ అంచు, ఈ మేకు ఒకే గీతలో ఉన్నాయా అని పొడవాటి నిటారు కర్రతో, మూలమట్టంతో రెండుసార్లు చూడండి, ఇక్కడ అంగుళం పక్కకి జరిగితే వంపు మొదట్లోనే సైకిల్‌కి దెబ్బ తగులుతుంది.

దారంతో గీయకండి, దారం సాగుతుంది. తొమ్మిదడుగుల సన్నకర్ర తీసుకుని ఒక చివర మేకుకి రంధ్రం, దాని నుంచి సరిగ్గా 96 అంగుళాల దగ్గర పెన్సిల్‌కి రంధ్రం పెట్టండి. తిప్పుతూ గీస్తే గీత ఎడమ అంచు మీద ఐదున్నర అంగుళాల దగ్గర మొదలై, పై అంచుని 79.7 అంగుళాల దగ్గర తాకాలి. ఈ రెండు అంకెలూ సరిపోతేనే రంపం పట్టండి. పై అంచు మీద మిగిలిన 16 అంగుళాలు కోసెయ్యకండి, అది డెక్ కిందికి వెళ్లి ట్రాన్సిషన్‌ని నిలబెడుతుంది.

జిగ్‌సాతో గీతకి కొద్దిగా బయటగా కోసి, తర్వాత గరుకు కాగితంతో గీత దాకా రుద్దండి. చేత్తో తడిమితే ఎక్కడా గుంత, బుడిపె తగలకూడదు. మిగతా ఏడూ గీయడానికి ఈ మొదటిదాన్నే వాడాలి. మొదటిదాంతో రెండోది, రెండోదాంతో మూడోది అంటూ పోతే పెన్సిల్ మందం అంత తేడా ప్రతిసారీ కలుస్తూ ఎనిమిదోదానికి కంటికి కనిపించేంత అవుతుంది. అన్నీ కోశాక కలిపి క్లాంపులతో బిగించి ఒకేసారి రుద్దితే ఇంకా మంచిది.

చట్రం

ముందు ఫ్లాట్ కట్టండి. 8 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు చట్రాలు రెండు. పక్క కర్రలు 12 అడుగుల 2×6లు, వాటి మధ్య అడ్డకర్రలు 93 అంగుళాలకి కోసి, కేంద్రం నుంచి కేంద్రానికి 8 అంగుళాల దూరంలో బిగించాలి. ఒక్కో చట్రానికి పందొమ్మిది పడతాయి. ఇళ్లలో ఫ్లోరుకి 16 అంగుళాలకొకటి పెడతారు కదా అనొద్దు. అక్కడ మనుషులు నడుస్తారు, ఇక్కడ సైకిల్‌తో సహా పైనుంచి దిగే బరువంతా రెండు సన్నటి చక్రాల మీద పడుతుంది. రెండు చట్రాల్నీ పక్కపక్కన పెట్టి బోల్టులతో కలిపాక మూలమూలకి టేపు లాగండి, 12, 16 అడుగుల భుజాలకి కర్ణం సరిగ్గా 20 అడుగులు రావాలి. రెండు కర్ణాలూ ఇరవై వచ్చేదాకా తడుతూ సర్దండి. స్పిరిట్ లెవెల్, మన మేస్త్రీలు రసమట్టం అనేది, పొడవునా అడ్డంగా రెండు వైపులా పెట్టి చూడండి. ఇక్కడ సరిగ్గా కుదిరితే మిగతా పని దానంతటదే కుదురుతుంది.

ట్రాన్సిషన్ భాగాలకి టెంప్లేట్ల మధ్య అడ్డకర్రలు 94.5 అంగుళాలు, ఎందుకంటే ప్లైవుడ్ మందం రెండు పక్కలా ముప్పావే. వీటిని కూడా 8 అంగుళాలకొకటి, ఒక్కో భాగానికి పదమూడు. పిల్లలే తొక్కుతారనుకుంటే 2×4తో కట్టేవాళ్లున్నారు. కానీ వాళ్లు పెరుగుతారు, వాళ్ల స్నేహితులు వస్తారు, ఎనిమిది అడుగుల దూరానికి 2×4 ఊగుతుంది. 2×6లే వెయ్యండి. ప్రతి కర్ర పై అంచు టెంప్లేట్ వంపుతో సమానంగా ఉండాలి, ఒక్క కర్ర పావు అంగుళం లేచినా పైపొర అక్కడ ఉబ్బుతుంది. ప్రతి చివరా 3 అంగుళాల స్క్రూలు మూడేసి. ప్లైవుడ్ షీట్లు కలిసే చోట కర్రలు జంటగా వెయ్యండి, అతుకు అంచులు రెండూ గట్టిగా ఆనాలి.

టెంప్లేట్ ఎంత మందం ఉన్నా ఒంటరిగా నిలబెడితే వంగుతుంది. అందుకని లోపలి వైపు నిలువుగా 2×4లు బిగించండి, వెనక ఐమూలగా రెండు కర్రలు ఎక్స్ ఆకారంలో కొట్టండి. డెక్ మిగతా భాగానికి 2×6 చట్రం, కింద 4×4 కాళ్లు. ఫ్లాట్‌ని, ట్రాన్సిషన్లని, డెక్‌ని ఒకదానికొకటి అర అంగుళం గాల్వనైజ్డ్ బోల్టులతో కలపండి, స్క్రూలతో కాదు. అమెరికాలో ఎవరూ ఒకే ఇంట్లో ఎల్లకాలం ఉండరు, ఇల్లు మారినప్పుడు విప్పి ట్రక్కులో వేసుకెళ్లొచ్చు.

పొరలు పరచడం

మొత్తం మూడు పొరలు. కింద రెండూ 3/8 అంగుళం ట్రీటెడ్ ప్లైవుడ్, పైన తొక్కే పొర. ఒక్కో పొరకి పద్నాలుగు షీట్లు: ఫ్లాట్ మీద మూడు వరుసలు, ఒక్కో వంపుకి రెండు, వరుసకి రెండు షీట్లు. షీటు 8 అడుగుల వైపు ర్యాంప్‌కి అడ్డంగా పెట్టాలి, అలా పెడితే పైపీచు వంపుకి అడ్డంగా ఉండి ప్లైవుడ్ తేలిగ్గా వంగుతుంది. నిలువుగా పెట్టి వంచాలని చూస్తే ఇద్దరు మనుషులు ఎక్కి నిలబడాలి, అయినా మొండికేస్తుంది.

మొదటి పొర ఫ్లాట్ నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లండి, 1 5/8 అంగుళాల స్క్రూలు, ప్రతి కర్ర మీదా. కింది అంచు ముందు బిగించి, ఒకరు మోకాళ్లతో నొక్కుతుంటే ఇంకొకరు ఒక్కో కర్రా బిగిస్తూ పైకి పోవాలి. రెండో పొర అతుకులు మొదటి పొర అతుకుల మీద పడకూడదు, పొడవులో రెండడుగులు, వెడల్పులో నాలుగడుగులు జరపండి. ముఖ్యంగా ఫ్లాట్, వంపు కలిసే గీత మీద పైపొర అతుకు రాకుండా చూసుకోండి. చక్రాలు బలంగా తగిలేది అక్కడే, అతుకు ఉంటే ముందు లేచేది అదే. షీటుకి షీటుకి మధ్య 1/8 అంగుళం ఖాళీ వదలండి, ఎండకి వ్యాకోచించడానికి చోటు ఉంటుంది, నీళ్లు కిందికి దిగుతాయి. కోసిన ప్రతి అంచుకీ రంగో సీలరో పట్టించండి, ప్లైవుడ్‌లోకి నీళ్లు దూరేది అంచుల నుంచే.

పైపొర విషయంలో డబ్బు మాట వస్తుంది. స్కేట్‌లైట్ అనే కాగితపు కాంపోజిట్ షీటు, పావు అంగుళం మందం, బయట ఎండావానకి తట్టుకోవడంలో బాగా పేరున్నది, ప్లైవుడ్‌కి ఎన్నో రెట్లు ధర. హార్డ్‌బోర్డ్ చవక కానీ తడి తగిలితే ఉబ్బుతుంది, పైగా సైకిల్ పెడళ్ల పిన్నులు, ఇరుసుల చివర బిగించే పెగ్గులు దాన్ని చీల్చేస్తాయి, బయట ర్యాంప్‌కి వద్దు. బడ్జెట్ లేకపోతే మూడో పొర కూడా ప్లైవుడ్డే వేసి, బయటి రంగు రెండు కోటింగులు కొట్టి, ఒకటి రెండేళ్లు తొక్కి, తర్వాత దాన్ని తీసేసి స్కేట్‌లైట్ వెయ్యండి. డబ్బు తగ్గించుకోవాల్సి వస్తే పైపొరలో తగ్గించుకోండి, అడ్డకర్రల్లో మాత్రం వద్దు. పైపొరని తర్వాత మార్చుకోవచ్చు, కర్రల్ని మార్చాలంటే మొత్తం విప్పాలి. స్కేట్‌లైట్‌కి ముందుగా రంధ్రం చేసి, స్క్రూ తల ఉపరితలం కంటే కొంచెం కిందికి దిగేలా గుంట చెయ్యాలి. పైకి ఉన్న స్క్రూ తల టైరుని, పడినవాడి మోచేతిని రెండింటినీ కోస్తుంది.

కోపింగ్

రెండు అంగుళాల షెడ్యూల్ 40 ఇనుప గొట్టం అడగండి, దాని బయటి వ్యాసం 2 3/8 అంగుళాలు ఉంటుంది. ఈ గొట్టాలు 21 అడుగుల పొడవున వస్తాయి, 16 అడుగులకి కోసి ఇమ్మంటే స్టీల్ దుకాణంలోనే కోస్తారు, మధ్యలో అతుకు లేకుండా ఒకే ముక్క వస్తుంది. స్కేట్‌బోర్డు ర్యాంపుల్లో కోపింగ్ కొంచెం ఎక్కువ బయటికి ఉంటే వాళ్లకి ఇష్టం. సైకిల్‌కి పావు అంగుళం దాటకూడదు, వెనక్కి దిగేటప్పుడు టైరు దానికి తట్టుకుంటే మనిషి ముందుకి పడతాడు.

డెక్ ప్లైవుడ్ ముప్పావు అంగుళం, దాని పైన గొట్టం పావు అంగుళం లేచి ఉండాలంటే టెంప్లేట్ పై మూలని నిలువుగా 1 3/8 అంగుళాలు కొయ్యాలి. అడ్డంగా ఎంత అన్నది లెక్క కంటే చేత్తో చూసుకోవడం నయం: మూడు పొరల ముక్కల్నీ వంపు మీద, డెక్ ముక్కని పైనా పెట్టి, గొట్టం ముక్కని మూలలో పట్టుకుని గీయండి. ఈ పని పొరలు పరచకముందే చేసుకోవాలి. గొట్టానికి ముందు వైపు పెద్ద రంధ్రం, దాని ఎదురుగా వెనక చిన్న రంధ్రం పెడితే స్క్రూ తల లోపలికి వెళ్లి వెనక గోడని పట్టుకుంటుంది. పెద్ద రంధ్రం గొట్టం నడినెత్తిన కాకుండా కాస్త కిందికి ఉండాలి, పెగ్ జారేది పైభాగం మీద. రంధ్రాల అంచుల్ని ఆకురాయితో నున్నగా చెయ్యండి.

రెయిలింగ్, తర్వాత మొదటి రోజు

డెక్ వెనకా, పక్కలా కనీసం 36 అంగుళాల రెయిలింగ్ తప్పనిసరి. నాలుగడుగులే కదా అనిపిస్తుంది గానీ సైకిల్‌తో సహా వెనక్కి పడితే నాలుగడుగులు తక్కువ కాదు. ఎక్కడానికి మెట్లు వెనక పెట్టండి, వంపు మీద పరిగెత్తి ఎక్కడం పిల్లలకి సరదా కానీ ఎదురుగా వచ్చే సైకిల్‌కి అడ్డం. వెనక వైపు ప్లైవుడ్‌తో మూస్తే శబ్దం బాగా తగ్గుతుంది, కానీ కింద గాలి ఆడేలా ఖాళీలు వదలండి, లేకపోతే తేమ పట్టి కర్రలు కుళ్లుతాయి.

తొక్కేవాళ్లకి గడ్డం కూడా మూసే ఫుల్‌ఫేస్ హెల్మెట్, మోకాలి, మోచేతి ప్యాడ్లు, గ్లవ్స్ ఉండాలి. ఇవి లేకుండా మా ర్యాంప్ ఎక్కడానికి ఎవరికీ అనుమతి లేదు, పెద్దవాళ్లకి కూడా. పెగ్గులు కావాలనుకుంటే ప్లాస్టిక్ పూత ఉన్నవి కొనండి, కోపింగ్ ఎక్కువ కాలం మన్నుతుంది.

మొదటి రోజే డెక్ మీంచి దిగకండి. ఫ్లాట్ మీద నుంచి మొదలుపెట్టి, వంపు మీద కొద్దిగా ఎక్కి, తిరక్కుండా అలాగే వెనక్కి జారాలి, దాన్ని ఫేకీ అంటారు. పెడల్ తొక్కకుండా, వంపు పైకి చేరేసరికి మోకాళ్లు, చేతులు ముడిచి, దిగేటప్పుడు కిందికి నొక్కుతూ వేగం తెచ్చుకోవడమే పంపింగ్. ఊయల మీద నిలబడి ఊగినవాళ్ల ఒంటికి ఆ పట్టు ముందే తెలుసు. పంపింగ్‌తోనే కోపింగ్ దాకా చేరగలిగాక వంపు మీద తిరగడం, ఆ తర్వాతే డ్రాప్ ఇన్, అంటే డెక్ మీంచి వంపులోకి దిగడం. డ్రాప్ ఇన్‌లో ముందు చక్రాన్ని కోపింగ్ దాటించి, బరువుని ధైర్యంగా ముందుకి వెయ్యాలి, భయంతో వెనక్కి వాలితే సైకిల్ కిందనుంచి జారిపోతుంది. ఒక సమయంలో ర్యాంప్ మీద ఒక్కరే. ఈ నియమం పిల్లలకి గట్టిగా చెప్పండి, ఇద్దరు గుద్దుకుంటే పెద్ద దెబ్బలు తగులుతాయి.

వాన పడ్డాక పూర్తిగా ఆరేదాకా తొక్కనివ్వకండి. నెలకోసారి స్క్రూ తలలు, బోల్టులు, కోపింగ్ కదులుతోందా అన్నది చూడండి, కింద కందిరీగల తుట్టెలు, పాములు లేవని చూసుకోండి. టెక్సస్ ఎండాకాలంలో మధ్యాహ్నం పైపొర చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, ఆ పూట వదిలేసి పొద్దు వాలాక ఎక్కండి.

ఊళ్లో కట్టేవాళ్లకి

హైదరాబాద్ శివార్లలోనో, విజయవాడ చుట్టుపక్కలో కట్టాలంటే 2×6 పైన్ కర్రల కోసం వెతకొద్దు. అక్కడ చవకగా, నమ్మకంగా దొరికేది ఇనుము, దాన్ని కలపగలిగే వెల్డింగ్ షాపు. రెండంగుళాల చదరపు ఎంఎస్ (మైల్డ్ స్టీల్) గొట్టాలతో చట్రం కట్టించి, వంపు టెంప్లేట్‌కి సన్నటి గొట్టాన్ని రోలింగ్ మెషిన్‌లో 8 అడుగుల వ్యాసార్ధానికి వంచమనండి. ముందు నేల మీద ఆ వంపు సుద్దతో గీసి పెట్టుకోండి, వంచిన ప్రతి గొట్టం దాని మీద పెట్టి సరిచూడాలి, మెషిన్ నుంచి వచ్చినవన్నీ ఒకేలా ఉంటాయని అనుకోవద్దు. ఇనుప చట్రానికి చెదల బాధ లేదు. ప్లైవుడ్ మాత్రం ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ రకమే తీసుకోండి, ఐఎస్ 303 ఎంఆర్ రకం ఇంట్లో అల్మారాలకి, ఒక్క వానాకాలం కూడా తట్టుకోదు. వంపుకి 9 మిల్లీమీటర్లవి రెండు పొరలు, ఇనుముకి తనంతట తానే రంధ్రం చేసుకునే స్క్రూలతో. వెల్డింగ్ అతుకులన్నిటికీ రెడ్ఆక్సైడ్ కొట్టాకే ప్లైవుడ్ ఎక్కించాలి, తర్వాత బ్రష్ దూరదు.

పైన రేకుల షెడ్డు వేస్తే ఎండకీ వానకీ రెండింటికీ పనికొస్తుంది. కానీ సిమెంటు గోడౌన్ ఎత్తు చూసి అదే చాలనుకోవద్దు. డెక్ మీద నిలబడ్డ మనిషి సైకిల్‌తో గాల్లోకి లేస్తాడు కాబట్టి, రేకులు, వాటి కింది గొట్టాలతో సహా, డెక్ నుంచి కనీసం పదడుగుల పైన ఉండాలి, స్తంభాలు ర్యాంప్ అంచు నుంచి మూడడుగులైనా దూరం ఉండాలి.